సైనిక్‌పురి దారిలో... టకటకల కథ

కంప్యూటర్ కీబోర్డు పాడైతే ఏం చేస్తాం? దగ్గర్లోని దుకాణానికెళ్లి నాలుగైదొందలు పెట్టి కొత్తది తెచ్చుకుంటాం. పాతది అటకెక్కుతుంది. ఆ తర్వాత ఎప్పుడో పాత సామాన్లవాడి తక్కెడెక్కుతుంది. అలాంటిది... నలభై ఏళ్ల కిందటి ఓ కీబోర్డు మళ్లీ కావాలని వేలకు వేలు ముందే కట్టి, ఏళ్లతరబడి ఎదురుచూసి మరీ దాన్ని తయారుచేయించుకున్నవాళ్లున్నారు! అదెలా కుదిరిందో తెలియాలంటే ముందు సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురి దాకా ఓసారి వెళ్లి రావాలి.

తలా ఒక వాటా

సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ నుంచి మల్కాజిగిరి, నేరేడ్‌మెట్ మీదుగా సుమారు పది కిలోమీటర్లు వెళితే రోడ్డుకు రెండువైపులా చెట్లు కాస్త ఎక్కువగా కనిపించడం మొదలవుతుంది. పేర్లూ మారిపోతాయి. డిఫెన్స్ కాలనీ, వాయుపురి, సైనిక్‌పురి... వరసగా సైన్యం వాసనే. మూడు దళాల అధికారులకు నిర్వహణ పాఠాలు చెప్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉన్నదీ ఇక్కడే. అది మొదలైంది 1970లో.

పేరులోనే ఉన్నట్టు సైనిక్‌పురి సైనికుల ఊరు. దేశంలో ఎక్కడెక్కడో పనిచేసి, రెండుమూడేళ్లకోసారి పెట్టెలు సర్దుకుని బదిలీల మీద తిరిగినవాళ్లు చివరికి ఒకచోట స్థిరపడాలనుకున్నారు. సైనికోద్యోగి జీతంతో ఒక్కడే భూమి కొని, రోడ్డు వేయించి, నీళ్లూ కరెంటూ తెప్పించుకోవడం అయ్యే పనికాదు. అందుకే సహకార గృహ నిర్మాణ సంఘం దారి పట్టారు. పదిమందీ సభ్యులుగా చేరతారు. తలా కొంత వాటా కడతారు. ఆ డబ్బుతో సంఘం ఒకేసారి భూమి తీసుకుని ప్లాట్లు వేస్తుంది. ఒక్కరికి భారమైంది పదిమందికి పంచేసరికి తేలికవుతుంది.

ఇప్పుడు ఆ వీధుల్లో తిరిగితే పాత బంగళాలు కొన్ని కేఫులైపోయాయి. కొన్ని బట్టల దుకాణాలయ్యాయి. ఇంకొన్ని చోట్ల అపార్ట్‌మెంట్లు లేచాయి. 2007లో కాప్రా మున్సిపాలిటీ హైదరాబాద్ మహానగరంలో కలిశాక ఊరి చివర అన్న మాటే పోయింది. అయినా మామిడిచెట్టు నీడలో పెంకుల వసారా, గేటు మీద హోదాతో సహా ఇంటాయన పేరు రాసిన పలక... అక్కడక్కడా ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఆ గేట్ల వెనక ఉన్నదంతా ఉమ్మడి లెక్కతో మొదలైన కాలనీయే. కీబోర్డు కథలోనూ ఇదే లెక్క వస్తుంది.

కోట్లమంది నొక్కిన మీట

సైనిక్‌పురి నుంచి డాక్టర్ ఏఎస్ రావు నగర్ దాటితే ఈసీఐఎల్ చౌరస్తా. సిటీ బస్సు బోర్డుల మీద 'ఈసీఐఎల్' అని చదవడం జంటనగరాల వాళ్లందరికీ అలవాటే. కానీ అది ఒక స్టాపు పేరు మాత్రమే కాదు. మన దేశంలో కంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థల్లో ఒకటి.

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగం కింద ఏర్పాటైంది. దాన్ని నిలబెట్టింది డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, హోమీ భాభా దగ్గర పనిచేసిన శాస్త్రవేత్త. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003లో కన్నుమూశారు. పక్కనున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు.

ట్రాంబేలో రూపొందిన దేశీయ డిజిటల్ కంప్యూటర్ టీడీసీ-12. దాన్ని 1969లో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ వరుసలో టీడీసీ-312, టీడీసీ-316 లాంటివి 1970లలో ఈసీఐఎల్ నుంచి వచ్చాయి. ఆ తరం యంత్రాలతో మాట్లాడాలంటే ఇప్పటిలా కీబోర్డు, మౌసు ఉండేవి కావు. చిల్లులు పొడిచిన కాగితపు టేపులు, కార్డులు, టెలిప్రింటర్లు... వాటితోనే పని. సామాన్యుల ఇళ్లలోకి మాత్రం ఈసీఐఎల్ టీవీగా వచ్చింది. ఆ రోజుల్లో 'ఈసీ టీవీ' ఉన్న ఇంటి ముందు సాయంత్రమయ్యేసరికి వీధి పిల్లలంతా చేరేవారు.

ఇక్కడ పుట్టిన మరో వస్తువును కోట్లమంది వేలితో తాకారు. అదే ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం! ఎన్నికల సంఘానికి 1977లో వచ్చిన ఆలోచన ఇది. తయారుచేసే పని ఈసీఐఎల్‌కు అప్పగించారు. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ప్రతినిధులకు చూపించారు. 1982లో కేరళలోని పరవూరు అసెంబ్లీ ఎన్నికలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు.

ఓటు వేసేటప్పుడు గమనించే ఉంటారు. నీలం మీట నొక్కగానే పక్కన ఎర్రలైటు వెలుగుతుంది. 'బీప్' అని శబ్దం వస్తుంది. అది లేకపోతే? నొక్కింది పడిందో లేదోనని మళ్లీ మళ్లీ నొక్కుతాం. వేలికి ఒక జవాబు కావాలి. 'నువ్వు నొక్కావు, నాకు అందింది' అని యంత్రం చెప్పాలి. పాత కీబోర్డు మీద ప్రేమకు మూలం కూడా సరిగ్గా ఇదే!

ఐబీఎం లేనప్పుడు పుట్టింది

ఆ కీబోర్డు పేరు మోడల్ ఎఫ్. తయారుచేసింది అమెరికాకు చెందిన ఐబీఎం. 1981 ఆగస్టు 12న ఆ కంపెనీ విడుదల చేసిన తొలి పర్సనల్ కంప్యూటర్‌తో పాటు ఇదీ వచ్చింది. మొత్తం 83 మీటలు. పది ఫంక్షన్ కీలూ ఇప్పటిలా పైవరుసలో కాకుండా ఎడమపక్కన రెండు వరుసల్లో ఉండేవి. చేత్తో ఎత్తితే రెండున్నర కిలోలకు పైనే!

ఇది మన దగ్గర ఎక్కువగా కనిపించకపోవడానికీ ఒక కారణం ఉంది. విదేశీ కంపెనీలు తమ వాటా తగ్గించుకోవాలన్న ఫెరా నిబంధనలకు ఒప్పుకోక ఐబీఎం 1978లో భారతదేశం నుంచి వెళ్లిపోయింది. అది వదిలి వెళ్లిన యంత్రాల బాగోగులు చూసే పని ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీకి దక్కింది. ఈసీఐఎల్ లాంటి దేశీయ సంస్థలకు దారి తెరుచుకుంది. ఐబీఎం మళ్లీ టాటాలతో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది 1992లో. అంటే మోడల్ ఎఫ్ పుట్టి, పెరిగిన కాలంలో దాని తల్లి కంపెనీ ఇక్కడ లేనే లేదు.

'టక్'లో ఏముంది?

టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. లోయర్, హయ్యర్ పరీక్షల కోసం 'ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అంటూ గంటలకొద్దీ కొట్టిన రోజులు గుర్తున్న నాన్నలూ అమ్మలూ ఇప్పటికీ చూడకుండానే టైపు చేస్తారు. కళ్లు కాగితం మీదుంటాయి. అక్షరం పడిందో లేదో వేళ్లూ చెవులూ చెబుతాయి.

ఐబీఎంకూ టైప్‌రైటర్లతో పాత అనుబంధమే. 1961లో ఆ కంపెనీ తెచ్చిన సెలెక్ట్రిక్ ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ ఆఫీసుల్ని ఏలింది. దానికి అలవాటుపడిన వేళ్లకు కంప్యూటర్ మీదా అదే హాయి ఇవ్వాలనుకున్నారు. రిచర్డ్ హారిస్ అనే ఐబీఎం ఇంజినీరు 1970లలో దానికో ఉపాయం కనిపెట్టాడు.

ప్రతి మీట కింద సన్నని గొట్టం. అందులో నిలువుగా ఓ చిన్న స్ప్రింగు. మీట నొక్కుతున్నకొద్దీ స్ప్రింగు అణుగుతూ అణుగుతూ ఒక దగ్గర ఇక తట్టుకోలేక చటుక్కున పక్కకు వంగిపోతుంది. పాత బాల్‌పెన్ను స్ప్రింగును రెండువేళ్ల మధ్య పెట్టి నొక్కి చూడండి. ఒక్కసారిగా పక్కకు తప్పుకొంటుంది కదా... అదే సంగతి! స్ప్రింగు వంగగానే కింద ఉన్న చిన్న రెక్కలాంటి ముక్క వాలుతుంది. అది సర్క్యూట్ బోర్డు మీద విద్యుదావేశాన్ని నిల్వచేసే గుణంలో కొద్దిపాటి మార్పు తెస్తుంది. కీబోర్డు ఆ మార్పును పసిగట్టి అక్షరాన్ని పంపిస్తుంది. వేలికి స్ప్రింగు జారిన సంగతి తెలిసేదీ, చెవికి 'టక్' వినిపించేదీ, కంప్యూటర్‌కు అక్షరం చేరేదీ దాదాపు ఒకేసారి. అందుకే మీటను చివరిదాకా బాది నొక్కక్కర్లేదు.

ఇంత చక్కని ఏర్పాటును ఎందుకు వదిలేశారు? ఖర్చు! లోపల ఇనుప పలకలు, సర్క్యూట్ బోర్డు, వాటి మధ్య జాగ్రత్తగా బిగించాల్సిన గొట్టాలు... చవకగా అయ్యే పనికాదు. 1985లో ఐబీఎం మోడల్ ఎం తెచ్చింది. స్ప్రింగు ఉంచేసి, సర్క్యూట్ బోర్డు స్థానంలో పల్చని ప్లాస్టిక్ పొరలు పెట్టింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు స్ప్రింగు కూడా తీసేసి రబ్బరు బుడిపెలతో సరిపెట్టాయి. ఇప్పుడు మనింట్లో ఉన్నవి చాలావరకు అవే. మోడల్ ఎం వారసుల్ని అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో యూనికాంప్ అనే చిన్న కంపెనీ 1996 నుంచి తయారుచేస్తూ వచ్చింది. మోడల్ ఎఫ్‌కు మాత్రం ఆ దిక్కూ లేకపోయింది.

ముందు డబ్బు, తర్వాతే అచ్చు

ఐబీఎం బ్యాంకుల కోసం 1980లలో 4704 అనే టెర్మినల్ తెచ్చింది. దాని కీబోర్డులు మోడల్ ఎఫ్ కుటుంబంలోవే. చిన్నగా, ముద్దుగా, లోహపు పెట్టెలో బరువుగా ఉండేవి. బ్యాంకులు యంత్రాలు మార్చినప్పుడల్లా అవి తుక్కులోకి పోయాయి. మిగిలిన కొద్దిపాటి వాటి కోసం సేకరించేవాళ్లు పోటీపడి ధర పెంచేశారు.

ఎంతకాలం అలా వెతుక్కుంటూ ఉండాలి? కొత్తగానే చేయిస్తే పోలా! అమెరికాలో జో స్ట్రాండ్‌బర్గ్ అనే కీబోర్డు ప్రియుడు అదే పనికి దిగాడు. 62 మీటలది ఒకటి, 77 మీటలది ఒకటి... పాతవాటిని కొలిచి, ముక్క ముక్కనూ మళ్లీ గీయించి, చైనాలోని ఫ్యాక్టరీల చేత చేయించాలన్నది పథకం. లోపల అదే స్ప్రింగు, అదే రెక్క. తీగ మాత్రం ఇప్పటి కంప్యూటర్లకు తగిలించే యూఎస్‌బీ.

అడ్డంకి ఒక్కటే... అచ్చులు. ప్లాస్టిక్ ముక్క ఒకటి కావాలన్నా లక్ష కావాలన్నా అచ్చు పోయించే ఖర్చు ఒక్కటే. ఉదాహరణకు అచ్చులన్నిటికీ కలిపి 20 లక్షలు అవుతాయనుకోండి. ఒక్కడే చేయించుకుంటే ఆ కీబోర్డు ధర 20 లక్షలు! వందమంది చేరితే మనిషికి 20 వేలు. రెండువేలమంది చేరితే కేవలం వెయ్యి. అందుకే వీళ్ల పద్ధతి మామూలు వ్యాపారానికి తలకిందులుగా ఉంటుంది. సరుకు తయారుచేసి కొనేవాళ్లను వెతకరు. కొనేవాళ్లను పోగుచేసి, డబ్బు ముందే తీసుకుని, ఆ తర్వాత సరుకు చేయిస్తారు. దీన్నే గ్రూప్ కొనుగోలు అంటున్నారు.

2017లో మొదలైన ఆర్డర్లలో ఒక్కో కీబోర్డు ధర సుమారు 325 డాలర్లు. అప్పటి మారకం లెక్కలో దాదాపు 21 వేల రూపాయలు. రవాణా, సుంకం అదనం. డబ్బు కట్టినవాళ్లకు వెంటనే చేతికి రాలేదు. ముక్కలు సరిగా కుదరకపోవడం, మళ్లీ చేయించడం... ఏళ్లే పట్టింది. చివరికి వచ్చింది. ఐబీఎం వదిలేసిన కీబోర్డు, ఐబీఎం ప్రమేయం లేకుండా కొత్తగా పెట్టెల్లోంచి బయటపడింది!

నమ్మకానికీ ఓ రిజిస్టరు

ఇప్పుడు మళ్లీ సైనిక్‌పురి వీధుల్ని చూడండి. స్ప్రింగు స్థానంలో స్థలం పెట్టండి. అచ్చు ఖర్చు స్థానంలో రోడ్డు, నీళ్ల ట్యాంకు ఖర్చు పెట్టండి. లెక్క ఒకటే! ఖాళీ నేల మీద ఇంకా గీత కూడా గీయని ప్లాటు కోసం ముందే వాటా కట్టినవాళ్లూ, ఇంకా అచ్చు పోయని కీబోర్డు కోసం ముందే డబ్బు కట్టినవాళ్లూ చేసింది ఒకే పని.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 1906లో హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు తదితరులు విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రాల మీద తెలుగులో పుస్తకాలు తేవాలన్నది వాళ్ల ఆశ. చందాదారుల్ని చేర్చుకుని, వాళ్ల అండతో పుస్తకాలు అచ్చువేశారు. ఇక ఇంటింటి చీటీల సంగతి చెప్పేదేముంది! ఫ్రిజ్జు నుంచి పెళ్లి నగల దాకా పదిమంది నెలనెలా వేసుకున్న డబ్బుతో వచ్చినవే.

చీటీ తెలిసినవాళ్లకు దానిలోని ప్రమాదమూ తెలుసు. డబ్బు పోగుచేసినవాడు పరారైతే? కీబోర్డుల గ్రూప్ కొనుగోళ్లలోనూ మధ్యలో చేతులెత్తేసినవాళ్లు లేకపోలేదు. సహకార సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది. సభ్యుల జాబితా ఉంటుంది. సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడిగే హక్కుంటుంది. స్నేహం మీద నడిచే గ్రూప్ కొనుగోలుకు ఆ రక్షణలేవీ ఉండవు. అందుకని చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. నమూనా చేతిలో ఉందా? కనీసం ఎంతమంది చేరాలి? చేరకపోతే డబ్బు ఎన్నాళ్లలో వెనక్కిస్తారు? పని ఎంతవరకూ వచ్చిందో ఎప్పటికప్పుడు చెబుతారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే... ఎంత ముచ్చటైన వస్తువైనా దూరంగా ఉండటమే మేలు.

అటక మీద ఏముందో!

ఈసీఐఎల్, సైనిక్‌పురి చుట్టుపక్కల కాలనీలు ఎలక్ట్రానిక్స్‌తోనో సైన్యంతోనో జీవితం గడిపినవాళ్లు ఎక్కువగా ఉన్న చోట్లు. యంత్రం చెడితే విప్పి చూడందే పారేయని తరం అది. ఆ తరం వయసు మీదపడుతోంది. పాత ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేరోజున అటకలన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి. పాత వస్తువులు కిలోల లెక్కన వెళ్లిపోతాయి. వాటిని విప్పడం తెలిసిన చేతుల నుంచి నేర్చుకునే అవకాశమూ వాటితోపాటే పోతుంది. కీబోర్డు ఒకటి పోతే నష్టం చిన్నదే. అది ఎలా పనిచేస్తుందో చెప్పే మనిషి లేకుండా పోతే... అచ్చులెన్ని పోసినా తిరిగిరాదు. అమెరికాలో మోడల్ ఎఫ్ మళ్లీ పుట్టగలిగిందంటే, కొలవడానికి పాతవి కొన్ని మిగిలి ఉండటమూ, వాటిని విప్పి చూసినవాళ్లు ఉండటమే కారణం.

కాబట్టి తుక్కుకు వేసేముందు ఒక్కసారి చూడండి. కీబోర్డు మామూలుకంటే బాగా బరువుందా? మీట పైతొడుగును నెమ్మదిగా నిట్టనిలువుగా పైకి లాగండి. కింద స్ప్రింగు కనిపిస్తే అది ఐబీఎం ఎఫ్ లేదా ఎం జాతిది కావచ్చు. రంగుల ప్లస్ గుర్తులాంటి కాడ కనిపిస్తే అది మెకానికల్ స్విచ్. మన బ్యాంకుల్లో, టికెట్ కౌంటర్లలో, డీటీపీ సెంటర్లలో ఏళ్లతరబడి టకటకలాడిన టీవీఎస్ గోల్డ్ ఆ రకమే. అందులో జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ స్విచ్‌లు వాడేవారు. మన ప్రాంతానికి 'క్లాసిక్' కీబోర్డు ఏదంటే చాలామంది చెప్పే పేరు అదే. రబ్బరు బుడిపె కనిపిస్తే మాత్రం మామూలుదే.

పాతదాన్ని బాగుచేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. తొడుగులు తీసి సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. మిగతా భాగాన్ని నీళ్లలో ముంచకూడదు. బ్రష్షుతో దుమ్ము దులపాలి. మోడల్ ఎఫ్ అయితే లోపలి స్పాంజి పొర ఇన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. దాన్ని మార్చాలి. పాత గుండ్రటి పిన్నుల తీగను ఇప్పటి కంప్యూటర్‌కు కలపడానికి చిన్న కన్వర్టర్ సరిపోతుంది. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ, కంప్యూటర్ సామాన్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎలాగూ ఉన్నాయి.

తెలుగు అక్షరాలున్న మీటలు కావాలంటే? ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. కానీ మంచి మెకానికల్ కీబోర్డు మీద ఆ అక్షరాలు చెక్కిన తొడుగులు దుకాణంలో అడిగితే దొరకడం కష్టం. కొనేవాళ్లు తక్కువని తయారుచేయరు. తయారుచేయరు కాబట్టి కొనరు. ఈ చిక్కుముడి విప్పడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. ఓ రెండొందలమంది చాలు. లెక్కలు రాసే ఒక నమ్మకస్తుడు, ఓపికగా ఎదురుచూసే మనసు ఉంటే... 'అ ఆ'లూ టక్కుమని మోగుతాయి!